నూటికి తొంభై అయిదు పాళ్ళ అడవి

రోహిణి కార్తె, విడుపు తర్వాత ముప్పై అయిదో ఏడు

ఈ నమోదులో కళ్ళతో చూసింది మాత్రమే రాయాలనీ, సొంత అభిప్రాయాలు రాయకూడదనీ శుద్ధజాతుల విభాగం వాళ్ళ నియమం. సరే, చూసిందే రాస్తున్నాను. మడుగులో నీళ్ళు మోకాలి లోతుకు దిగాయి. మోటారు పొద్దుటి నుంచి మొరాయిస్తోంది. ఎగువ ఆనకట్ట నుంచి మా వాటా నీళ్ళు ఇంకా రాలేదు. అక్కడున్నది మనుషులు కారు, మొసళ్ళు. ఇది అభిప్రాయం కాదు, తిట్టు. తిట్ల గురించి నియమాల్లో ఏమీ లేదు.

మంద బాగానే ఉంది. పంతొమ్మిది అడవి బర్రెలు. లోకంలో అడవి బర్రెలంటూ మిగిలినవి ఇవే. ఎండ నెత్తికెక్కే వేళకు సొట్టకొమ్ము ముందు నడిచింది, మిగతావి దాని వెనక బురదలోకి దిగి పొర్లాయి. సొట్టకొమ్ము మందలో ముసలిది. ఎప్పుడో కుర్రతనంలో కుమ్ములాటలో ఎడమ కొమ్ము నొక్కుకుపోయింది. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు మేయాలో, కుక్కల గుంపు వాసనొస్తే దూడల్ని ఎలా మధ్యలో పెట్టుకుని చుట్టూ నిలబడాలో అన్నీ దానికి తెలుసు. దున్నలు కూడా దాని వెనకే నడుస్తాయి. మా పెదనాన్న బతికుంటే ఇది చూసి మా పెద్దమ్మ గుర్తొచ్చిందనేవాడు.

నా పని పెద్దదేం కాదు. మోటారు చూసుకోవడం, ఉప్పు దిమ్మలు పెట్టడం, కుక్కల్ని తరమడం, సూదీగల్ని పంపడం. సూదీగంటే నిజం ఈగ కాదు, గోరంత యంత్రం. బర్రె వీపు మీద వాలి రక్తపు బొట్టు తీసుకుని నా గుడిసెకు తిరిగొస్తుంది. దాన్ని పలక మీద పెడితే ఆ పశువులో అడవి ఎన్ని పాళ్ళో, ఇల్లు ఎన్ని పాళ్ళో చెబుతుంది. పోయినేడు దాకా నూటికి తొంభై పాళ్ళు అడవి ఉంటే చాలనేవాళ్ళు. ఈ ఏడు తొంభై అయిదు ఉండాలన్నారు. ప్రతి ఏడూ హద్దు పెంచుతారు, ప్రతి ఏడూ మంద తగ్గుతుంది, ప్రతి ఏడూ మంద ఎందుకు తగ్గుతోందో తేల్చమని నన్నే అడుగుతారు. పశువైద్యం చదివింది ఇందుకా అనిపిస్తుంది.

సొట్టకొమ్ము లెక్క తొంభై ఒకటి వచ్చింది. ప్రతి ఏడూ వచ్చేదే అయినా ఆశ చావక ఇంకో ఈగను పంపాను, అదీ అదే చెప్పింది. మూడో ఈగను సొట్టకొమ్ము తోకతో కొట్టి చంపింది. మంచి పని చేసింది. ఈ అంకెను ఇవాళ పైకి పంపలేదు.

మృగశిర కార్తె

నేను పంపకపోయినా పలక తనంతట తానే పంపేసింది. పురంధర్ సార్ పడవలో దిగాడు. విభాగంలో ఈ మడుగులన్నిటికీ ఆయనే అధికారి. చెడ్డవాడైతే నాకు తేలికయ్యేది. నా కోసం మామిడి తాండ్ర తెచ్చాడు.

"సొట్టకొమ్మును గీత దాటించాలి జోగమ్మ గారూ," అన్నాడు, తాండ్ర చేతికిస్తూనే.

"అది పోతే మంద ఆగమైతది సార్. మీకు ఎరకలేదా?"

"నాకు తెలియకేం? మందకు ముసలి బర్రె ఎంత ముఖ్యమో నేను పుస్తకమే రాశాను."

"రాసిండ్రు గదా, మళ్ళొక్కసారి చదువుకోరాదు?"

ఆయన నవ్వాడు. నవ్వి, ఉత్తర్వు మీద నా వేలిముద్ర తీసుకున్నాడు.

గీత అంటే మోతకంచె. తీగ ఉండదు, ముళ్ళుండవు, నాలుగు మూలలా నాలుగు స్తంభాలు, వాటిని నడిపించేది నా గుడిసె పక్క స్తంభం. శుద్ధమైన బర్రెలన్నిటికీ మెడపట్టీలుంటాయి. గీత దగ్గరికొస్తే ఆ పట్టీ చెవిలో మోత పెడుతుంది. ఒకసారి నేను చెవికి ఆనించుకుని చూశాను, రెండు రోజులు తల దిమ్మెత్తింది. పట్టీ లేని బర్రెలు అవతలి నుంచి వస్తే స్తంభాలే మోత పెట్టి తరుముతాయి, కుక్కలు మాత్రం ఆ మోతకు ఆగవు. గీతకు ఇవతల పచ్చిగడ్డి, మడుగు. అవతల రాళ్ళగుట్ట. ఇంటి రక్తం కలిసిన వాటిని గుట్ట మీదికి తోలేస్తారు. విభాగం కాగితాల్లో వాటి పేరు కలుపు మంద. యాభై అరవై దాకా ఉంటాయి. వాటిని ఎవరూ కాయరు, ఎవరూ లెక్కపెట్టరు.

మత్తు సూది కొట్టింది నేనే. పట్టీ విప్పింది నేనే. చెక్క బల్ల మీద దాన్ని గీత దాటించి, మెలకువొచ్చేదాకా మూతి మీద నీళ్ళు చల్లుతూ కూర్చున్నాను. లేచి నన్ను కుమ్ముతుందేమోనని చూశాను. ఒళ్ళు దులుపుకుని, మంద ఉన్న వైపు తిరిగి నిలబడింది.

సాయంత్రం పక్క ఊరు కొత్తమడుగు నుంచి ఎర్రమ్మత్త వచ్చింది. అంబలి చెంబు తెచ్చింది. వరసకు అత్త, నోట్లో మాట దాగదు.

"ఎళ్ళగొట్టిండ్రంట గదనే సొట్టకొమ్మును?"

"ఎళ్ళగొట్టింది నేనే అత్తా. నీ గౌరి నెత్తురున్నదంట దాంట్ల."

ముసలిదాని మొహం వెలిగిపోయింది. "నేను సెప్పలే! ఆ నడక సూసినప్పుడే అనుకున్న. మా గౌరి మునిమనవరాలే అది. అచ్చం గట్లనే మెడ ఇరిసి నడుస్తది."

"నీ సంబురం తగలెయ్య. నీ గౌరి వల్లనే గదా ఇది గుట్టెక్కింది!"

"మా గౌరి ఏం జేసిందే?"

ఏం చేసిందంటే ఏం చెప్పను? పాలు తొట్లలో తయారవడం మొదలయ్యాక ఎవరికీ బర్రెలు అక్కర్లేకపోయాయి. మేపడానికి గడ్డి లేదు. అప్పుడు వేరే చోట్ల వాళ్ళు కటికివాళ్ళకు అమ్ముకున్నారు. మా ఏటి గట్టు జనానికి మనసొప్పలేదు. బర్రెలకు తలంటు పోశారు, నుదుట బొట్లు పెట్టారు, బెల్లం కలిపిన తవుడు తినిపించారు, తాళ్ళు కోసి అడవిలోకి తోలారు. ఏడ్చుకుంటూ తోలారు. దాన్నే విడుపన్నారు. అప్పటికి ఎర్రమ్మత్త ముగ్గురు పిల్లల తల్లి, ఆమె తోలిన బర్రే గౌరి.

అప్పటికే అడవి బర్రెలు సగమయ్యాయి. ఆనకట్ట కట్టి ఏటి పక్క గడ్డినేలలన్నీ ముంచారు. కొమ్ముల కోసం తుపాకులతో దిగినవాళ్ళు మిగతావి చూసుకున్నారు. అయినా అడవిలో ఇంకా వందల్లో ఉండేవి. విడుపు రోజున మనవాళ్ళు తోలిన బర్రెలతోపాటు గాలికుంటు జబ్బు వెళ్ళింది, గొంతువాపు జబ్బు వెళ్ళింది. రెండు వానాకాలాలు ఏటి నిండా కళేబరాలే. బతికిన అడవి దున్నలు మన బర్రెలతో జతకట్టాయి. ఆ తర్వాత పుట్టిన వాటిలో ఏది అడవిదో ఏది ఇంటిదో చెప్పడానికి ఈగలు కావలసి వచ్చాయి. తుపాకీవాడిని తిట్టగలను. ఆనకట్టవాడిని రోజూ తిడుతూనే ఉన్నాను. బొట్టు పెట్టి పంపినవాళ్ళను ఏమని తిట్టాలో నాకు ఇన్నేళ్ళయినా తెలియలేదు. అంబలి తాగి చెంబు తిరిగిచ్చాను.

ఆరుద్ర కార్తె

చూసింది చూసినట్టు: మంద పొద్దున్నే గీత దగ్గరికి పోయి నిలబడుతోంది. అవతల సొట్టకొమ్ము నిలబడుతోంది. మోతకు చెవులు విదిలిస్తూ, వెనక్కి జరుగుతూ, మళ్ళీ ముందుకొస్తూ పొద్దంతా అక్కడే. మేత లేదు. మడుగులోకి ఒకటి దిగితే ఇంకొకటి దిగదు. కుర్ర బర్రెలు రెండు పెద్దరికం కోసం కుమ్ముకున్నాయి, గెలిచినదాని వెనక ఎవరూ నడవలేదు.

బుధవారం మిట్టమధ్యాహ్నం కుక్కలొచ్చాయి. కుక్కలంటే అవీ ఒకప్పుడు ఊళ్ళవే. మంద గుండ్రంగా నిలబడాలి, దూడలు మధ్యలో ఉండాలి. అన్నీ కలిసి మూలకు పరిగెత్తాయి. నేను కర్ర పట్టుకుని చేరేసరికి ఈ ఏటి దూడల్లో ఒకదాన్ని లాక్కుపోయాయి. గీత అవతల సొట్టకొమ్ము కాళ్ళతో నేల తవ్వుతూ అరుస్తూనే ఉంది.

నేను కూడా అరిచాను. పలకలోకే అరిచాను, పురంధర్ సార్‌కు వినిపించేటట్టు. "విచారకరం," అని జవాబొచ్చింది. కింద ఇంకో వాక్యం: దూడ రక్తం అందితే పంపగలరు.

పుష్యమి కార్తె

నాలుగు రోజులుగా ఎడతెరిపి లేని వాన. ఏరు గట్టెక్కింది. ఇన్నాళ్ళూ చుక్క నీళ్ళివ్వని ఎగువ ఆనకట్ట వాళ్ళు పొద్దున్నే గేట్లన్నీ ఎత్తేశారు. మడుగూ గడ్డీ కలిసి ఒకటే నీళ్ళు. మంద గీతకు ఆనుకుని ఉన్న చిన్న మిట్ట మీదికి చేరింది. మిట్ట కుంచించుకుపోతోంది.

ఇదివరకు వరదొస్తే గీతను గుట్ట మీదికి జరిపేవాళ్ళం. సొట్టకొమ్ము ముందు నడిచి మందను పైకి తీసుకెళ్ళేది, నీళ్ళు దిగాక కిందికి తెచ్చేది. కలుపు మంద అప్పట్లో గుట్ట ఆ చివర ఉండేది. ఇప్పుడు అదంతా సొట్టకొమ్ము వెంటపడి ఈ చివరికే వచ్చేసింది. గీత జరిపితే రెండు మందలూ కలుస్తాయి.

పురంధర్ సార్‌ను పలకలో పిలిచాను.

"సార్, గీత తియ్యాలె. గంటలో మిట్ట మునుగుతది."

"కమిటీకి చెప్పాను. వాళ్ళు కూర్చోవాలి."

"వాళ్ళు కూసునేసరికి ఇయ్యి పండుకుంటయ్ సార్, నీళ్ళల్ల."

ఆయన గొంతు తగ్గించాడు. "జోగమ్మ గారూ, మునిగితే అది వరద నష్టం కింద వస్తుంది. కలిస్తే అది నా సంతకం కింద వస్తుంది. నన్ను అడగకండి."

ఆ మాటలో దాచుకోవడం ఏమీ లేదు. అందుకే ఆయన మీద నాకు కోపం కూడా పూర్తిగా రాదు, సగంలో ఆగిపోతుంది. నడుము లోతు నీళ్ళలో గుడిసె పక్క స్తంభం దగ్గరికి పోయి, గడ్డపారతో దాని పెట్టె పగలగొట్టి లోపలున్న బ్యాటరీ పీకి ఏట్లో పారేశాను. ఇది నా చేత్తో నేను చేసిన పని. యంత్రలోపం అని ఎవరూ రాయొద్దు.

మోత ఆగిపోయింది. మంద కదల్లేదు. ఆ గీత ఎక్కడుందో వాటి చెవులకు బాగా నేర్పాం మరి. నేను వెనక నుంచి అరిచాను, నీళ్ళు చిమ్మాను, కర్రతో కొట్టాను. మూడు దూడలు నా కళ్ళ ముందే కాళ్ళు తేలి కొట్టుకుపోయాయి. ఒకదాని తోక నా చేతికి అందింది, జారిపోయింది.

అప్పుడు సొట్టకొమ్ము గుట్ట మీది నుంచి దిగింది. గీత ఉన్న చోటు దాటింది, మిట్ట మీదికొచ్చింది, మంద చుట్టూ ఒకసారి తిరిగి వెనక్కి మళ్ళింది. అన్నీ దాని వెనక వరసకట్టాయి. పాకురు రాళ్ళ మీద జారుతూ, లేస్తూ పైకి ఎక్కాయి. చివరిదాని తోక పట్టుకుని నేనూ ఎక్కాను. పైన కలుపు మంద పక్కకు జరిగి చోటిచ్చింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి, వానలో ఎవరికీ తెలియదు కాబట్టి రెండూ కానిచ్చాను.

ఆశ్లేష కార్తె

నీళ్ళు దిగాయి. మంద దిగలేదు. గుట్ట మీద అన్నీ కలిసి మేస్తున్నాయి, పట్టీలు చూడకపోతే ఏది ఏదో నేనే గుర్తుపట్టలేను.

పురంధర్ సార్ వచ్చాడు. ఈసారి ఏమీ తేలేదు. మెడపట్టీలన్నీ విప్పించి సంచిలో వేసుకున్నాడు. నా గుడిసెలో టీ తాగుతూ, ఉత్తర్వు చదవలేక నా చేతికే ఇచ్చాడు. అడవి బర్రె జాతి ఈ కార్తెతో ముగిసినట్టు అందులో ఉంది. రెండు మందలూ కలిసిపోయాయి కాబట్టి ఇక మీదట పుట్టే దేన్నీ శుద్ధమని చెప్పలేరట. జాతి ముగిసిపోయింది కాబట్టి రక్షణ కూడా ముగిసిపోయింది. ఇప్పుడవి యజమాని లేని పశువులు. మఖ కార్తెలో బందెలదొడ్డి వాళ్ళు పడవలతో వచ్చి తోలుకుపోతారు. బందెలదొడ్డి నుంచి ఎరువుల కార్ఖానాకు పోతాయని అందులో లేదు. ఆ సంగతి పిల్లలకు కూడా తెలుసు.

"ముగిసినయంటరేంది సార్? అగో, కండ్ల ముందట మేస్తున్నయ్."

"చూస్తున్నాను," అన్నాడు. నిజంగానే అటే చూస్తున్నాడు.

"మరి నన్ను తీసేసినట్టేనా?"

"లేదు. వాళ్ళొచ్చినప్పుడు కావలి మనిషి దగ్గరుండి సాక్ష్యం చెప్పాలి. ఇవి అడవివో ఇంటివో మీరు చెప్పిందే ఖాయం చేస్తారు." లేచి చెప్పులు వేసుకుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు. "ఉత్తర్వు చివరి పేజీ కూడా చదవండి."

చదివాను. ముకుతాడు ఉండి, పక్కన ఇది నాదని చెప్పే మనిషి ఉంటే ఆ పశువును యజమాని లేనిదిగా ఎంచరాదని ఉంది. పాతకాలపు చట్టం, కొట్టేయడం మరిచిపోయినట్టున్నారు. ప్రతి కార్తెలో తనిఖీ, తాడు లేకపోతే మళ్ళీ బందెలదొడ్డి. కాగితాన్ని గోడకేసి కొట్టాను. ఈ మందలో ఇంటి రక్తం ఎంతుందో వెతకడానికే ఇరవై ఏళ్ళు పోశాను. ఇప్పుడు వీటి ముక్కులు కుట్టి నా ఇంటివే అనాలి.

కొత్తమడుగు పోయి ఎర్రమ్మత్తకు చెప్పాను. ఆమె నాలాగా గోడలు కొట్టలేదు.

"మనియ్యే అందం. గడపకు రెండు మూడు కట్టుకుందం."

"అడవియి అత్తా అయ్యి! కట్టేసుకునేటియి కాదు!"

"అడవియంటే ఉంచుతున్నరా?"

ఆమె అప్పటికే లేచి గోగునార కోసం అటక వైపు చూస్తోంది.

మఖ కార్తె

కొత్తమడుగులో ముక్కు కుట్టడం తెలిసినవాళ్ళు నలుగురే మిగిలారు, అందరూ ముసలివాళ్ళే. నేను మత్తు సూది కొట్టాను. వాళ్ళు వెదురు సూదులు కాల్చి ముక్కులు కుట్టారు, గోగునార తాళ్ళు దూర్చారు, తాటిమొద్దులకు కట్టేశారు. ఊళ్ళో కుర్రవాళ్ళకు ముడి వేయడం కూడా రాదు, చూసి నేర్చుకున్నారు. మెలకువొచ్చిన బర్రెలు తల విదిలించేవి, ముక్కు చిరిగి రక్తం కారేది, మోకాళ్ళ మీద పడేవి. ఒక చూడిబర్రె మొద్దును లాక్కుంటూ పోయి రాళ్ళ మీది నుంచి పడి చచ్చిపోయింది. నేను ఆ పూట అన్నం తినలేదు. ఎర్రమ్మత్త తింది, నాకు కూడా పెట్టబోయి తిట్లు తింది.

దున్నలకు మందు చాలలేదు. ఉన్న మందంతా బర్రెలకే వాడాం. మెలకువలో ఉన్న అడవి దున్న ముక్కు పట్టుకునే మొనగాడు ఎక్కడా లేడు.

బందెలదొడ్డి పడవలు వచ్చాయి. వాళ్ళ దగ్గర వలలూ కరెంటు కర్రలూ ఉన్నాయి, మా దగ్గర లేనివన్నీ ఉన్నాయి. తాడు లేని దున్నలన్నిటినీ ఎక్కించారు. మా పెద్ద దున్న పడవలో కూలబడకుండా నిలబడే పోయింది. దాని లెక్క తొంభై తొమ్మిది. ఆ అంకె ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు, అయినా రాస్తున్నాను.

తర్వాత వాళ్ళ అధికారి గుట్ట ఎక్కాడు. ఒక్కో తాడు పక్కన ఒక్కో మనిషి నిలబడి ఉన్నాడు. సొట్టకొమ్ము పక్కన ఎర్రమ్మత్త. ఆయన వాళ్ళెవరినీ అడగలేదు, నేరుగా నా దగ్గరికొచ్చాడు.

"కావలి మీరేనా?"

"నేనే."

"ఇవి అడవివా, ఇంటివా?"

అందరూ నా వైపే చూస్తున్నారు. సొట్టకొమ్ము ముక్కు మీద ఈగలు ముసురుతున్నాయి, నిజం ఈగలు. అడవివని అరవాలనిపించింది.

"ఇంటివే," అన్నాను.

"ఎప్పటి నుంచి?"

"మొదట్నించీ."

రాసుకున్నాడు. వచ్చే కార్తెలో తనిఖీకి వస్తానని, తాళ్ళు విప్పొద్దని చెప్పి పడవెక్కాడు. వాళ్ళు మలుపు తిరిగేదాకా ఎవరూ కదల్లేదు. ఎర్రమ్మత్త కొంగుతో కళ్ళు తుడుచుకుని, "పా బిడ్డా, ఇంటికి పోదం," అంది. నాతో కాదు, సొట్టకొమ్ముతో.

మొద్దుకు కట్టిన ముడి విప్పి తాడు చేతికి చుట్టుకుంది. ముసలిది, నా భుజం దాకా కూడా రాదు. సొట్టకొమ్ము ఒక్కసారి తల విసిరితే ఏట్లో తేలుతుంది. నేను పక్కకు తప్పుకున్నాను. తిరగబడాలనే కోరుకున్నాను, ఎర్రమ్మత్త ఏమైపోయినా సరేనని కోరుకున్నాను. ఆమె తాడు మెల్లగా లాగింది. సొట్టకొమ్ము మెడ ముందుకు చాచింది, ఆమె వెనకే నడిచింది.